కోరంగి: ఒండ్రు మీది ఊరు

కాకినాడ నుంచి యానాం వెళ్లే రహదారిలో, చొల్లంగికీ తాళ్లరేవుకూ నడుమ కోరంగి వస్తుంది. బస్సు కాసేపు ఆగి వెళ్లిపోయే చిన్న ఊరు. ఒకవైపు వరిచేలు, కొబ్బరిచెట్లు. రెండోవైపు రొయ్యల చెరువులు, వాటి వెనక మడ అడవి. ఊరిని ఆనుకుని కోరంగి నది, నాటుపడవలు, నదిలోకి దిగే రేవులు. రెండు వందల ఏళ్ల కిందట ఇదే నదిలోకి సముద్రం మీద తిరిగే ఓడలు వచ్చేవి. కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను డాక్‌లోకి తెచ్చి బాగుచేసుకోగలిగిన చోటు ఇదొక్కటేనని పాత గెజిటీర్లు చెబుతాయి. ఆ రోజుల్లో ఈ తీరంలో కోరంగిని మించిన ఓడల పని ఎక్కడా లేదు.

ఈ ఊరు ఇప్పుడు లోకానికి మరో రకంగా గుర్తుంది. ప్రపంచంలోని ఘోరమైన తుఫానుల జాబితా ఎవరు రాసినా అందులో కోరంగి పేరు ఉంటుంది, ఒక్కోసారి రెండు చోట్ల ఉంటుంది. వాటిని చదివినవాళ్లు ఒక మహానగరాన్ని సముద్రం ఒక్క రాత్రిలో మింగేసిందని అనుకుంటారు. ఉప్పెనలు వచ్చిన మాట నిజం, వేలమంది పోయిన మాటా నిజం. కానీ కోరంగి రేవు చచ్చిపోయింది ఉప్పెన వల్ల కాదు. ప్రతి ఉప్పెన తరవాతా జనం తిరిగివచ్చారు, ఓడలు కట్టారు, ఓడలెక్కి దూరదేశాలకు పోయారు. రేవును మూసింది గోదావరి మోసుకొచ్చే ఒండ్రు. అది కొన్ని తరాల పాటు చప్పుడు లేకుండా జరిగిన పని కాబట్టి ఏ జాబితాకూ ఎక్కలేదు.

త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచిన గోదావరి ధవళేశ్వరం దగ్గర రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. పడమటిది వశిష్ఠ, తూర్పుది గౌతమి. గౌతమి యానాం పక్కనుంచి సముద్రం వైపు సాగుతుంది. యానాం చుట్టుపక్కల ఈ పాయలోంచి కోరంగి నది విడిపోతుంది, ఇంకా దిగువన గాడేరు విడిపోతుంది. ఈ రెండూ ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలోకి నేరుగా పోవు. ఉత్తరానికి తిరిగి, మడ అడవుల గుండా మెలికలు తిరిగి, కాకినాడ అఖాతంలో కలుస్తాయి. కోరంగి చరిత్ర అంతా ఈ మలుపులో ఉంది. నది మొగ నడిసముద్రానికి కాక ఒక అఖాతంలోకి తెరుచుకోవడం వల్ల, నైరుతి గాలులు వీచే నెలల్లో కూడా ఓడలకు కెరటాల దెబ్బ తగలని నీళ్లు దొరికేవి. మచిలీపట్నం నుంచి విశాఖపట్నం దాకా తెరచాప ఓడకు ఇలాంటి ఆసరా అరుదు.

ఆ అఖాతానికి తూర్పు గోడగా ఉన్నది హోప్ ఐలాండ్. పేరుకు దీవి గానీ నిజానికి అది ఇసుకతో పేరుకున్న పొడవాటి నాలుక, పొడవు సుమారు 18 కిలోమీటర్లు. గౌతమి మొగ దగ్గర సముద్రంలో పడిన ఇసుకను తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ప్రవాహం మోసుకుపోయి, కొసన పేర్చుకుంటూ పోయింది. భూగర్భ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం ఇదంతా దాదాపు గత రెండు వందల ఏళ్లలో ఏర్పడ్డ నేల. అంటే కోరంగి రేవు వెలిగిన కాలంలో ఈ గోడ ఇంకా ఎదుగుతూ ఉంది. గోడ పెరిగిన కొద్దీ లోపలి నీళ్లు నెమ్మదించాయి. నెమ్మదించిన నీళ్లలో కోరంగి నది, గాడేరు తెచ్చే బురద అడుగుకు దిగింది. కెరటం తగలకుండా కాపాడిన ఏర్పాటే లోతును కూడా తినేసింది.

యూరప్ వర్తకులకు ముందే ఈ పాయకు పుణ్యనదిగా పేరుంది. గోదావరిని ఏడుగురు ఋషులు ఏడు పాయలుగా సముద్రానికి తీసుకుపోయారని ఈ సీమ నమ్మకం. వాటిలో కోరంగి దగ్గరిది అత్రి మహర్షి తెచ్చిన ఆత్రేయ. పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే చొల్లంగి అమావాస్య నాడు, తుల్యభాగ పాయ సముద్రంలో కలిసే చొల్లంగిలో స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు. తరవాతి స్నానం కోరంగిలో. అక్కడినుంచి ఒక్కో మొగా దాటుకుంటూ అంతర్వేదిలో వశిష్ఠ సంగమం దాకా పోతారు. డెల్టా తూర్పు కొస నుంచి పడమటి కొస దాకా తీరమంతా కాలినడకన, పడవల మీద చూపించే యాత్ర ఇది. పాయలు కొన్ని పూడిపోయినా, కొన్ని మురుగుకాలువలంత చిక్కిపోయినా, స్నానఘట్టాలు మాత్రం అవే చోట్ల నిలిచాయి. గోదావరి ఒకప్పుడు ఎక్కడెక్కడ పారిందో చెప్పే పటంగా కూడా ఈ యాత్ర పనికొస్తుంది.

ఇక వర్తకం సంగతి. డెల్టాలో నేసే సన్నని బట్ట కోసం డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు మూడూ గోదావరి పాయల వెంట దిగాయి. డచ్చివాళ్లు పాలకొల్లులోను, కాకినాడ పక్క జగన్నాథపురంలోను ఉన్నారు. ఇంగ్లీషువాళ్లు 1708లో కోరంగికి దక్షిణాన ఇంజరంలో వర్తకస్థానం పెట్టారు. ఫ్రెంచివాళ్లు 1720లలో యానాం వచ్చారు. ఇంజరం, నీలపల్లి, యానాం, కోరంగి ఒకదాని నుంచి మరొకటికి నడిచిపోగలిగినంత దగ్గర. నేతగాళ్ల ఊళ్ల నుంచి బట్ట ఇంజరం గిడ్డంగులకు చేరేది. అక్కడ మడతపెట్టి మూటలు కట్టి, కోరంగి మొగలో లంగరు వేసిన ఓడలకు పడవల మీద పంపేవాళ్లు. 1759లో కోరంగి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయి, ఉత్తర సర్కారులు వాళ్ల చేయి జారిన రోజులవి.

బట్ట కంటే ఎక్కువ కాలం నిలిచింది ఓడల పని. ఓడను పోటు వేళ నదిలోంచి బురదగట్టులో తవ్విన గోతిలోకి తీసుకొచ్చి, వెనక మట్టికట్ట వేసి నీళ్లు తోడేస్తే అదే డాక్. రాతికట్టడం అక్కర్లేదు. మెత్తటి ఒండ్రు, పోటూ పాటూ ఉన్న నది, గోదావరి మీద భద్రాచలం అడవుల నుంచి తేలివచ్చే టేకు దుంగలు, పని తెలిసిన వడ్రంగులు ఉంటే చాలు. 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇంగ్లీషు యుద్ధనౌకలు కూడా మరమ్మతుకు ఇక్కడికి వచ్చాయి. కోరంగి, తాళ్లరేవు గట్ల మీద కట్టిన తెరచాప ఓడలు బర్మా, సింహళం, బెంగాల్ రేవులకు ఉప్పు, బియ్యం, పొగాకు, కలప మోసేవి. వాటిని కట్టింది ఈ ఊళ్ల వడ్రంగులు, నడిపింది ఈ ఊళ్ల సరంగులు, సరుకు వేసింది ఈ ఊళ్ల వర్తకులు. కంపెనీ చరిత్రలు రాసినవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటేశారు. కోరంగికి అసలైన గౌరవం ఇక్కడే ఉంది.

ఉప్పెనల విషయంలో నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే వీటి చుట్టూ పోగైన లెక్కల్లో గందరగోళం ఎక్కువ. ముందుగా 1787. ఆ ఏడాది మే 20న సముద్రం పొంగి ఇంజరం చుట్టుపక్కల ఊళ్లను ముంచేసింది. అక్కడున్న ఇంగ్లీషు ఉద్యోగి ఒకరు రాసిన ఉత్తరాన్ని, సముద్ర పటాల నిపుణుడు అలెగ్జాండర్ డాల్రింపుల్ తన సంకలనంలో అచ్చువేశాడు. రెండోది 1789 డిసెంబరులో వచ్చిందని చెప్పేది. సముద్రంలోంచి మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయనీ, లంగరులో ఉన్న ఓడలను నేల మీదికి విసిరేశాయనీ, ఊరిని ముంచేశాయనీ ఆ కథనం. ఇది లాప్లాస్ అనే ఫ్రెంచి నౌకాధిపతి ద్వారా తెలిసింది. ఆయన 'లా ఫవొరీత్' అనే ఓడ మీద 1830 తరవాత ఈ తీరానికి వచ్చాడు. అంటే జరిగిన నలభై ఏళ్లకు, స్థానికుల నోట విన్నది. ఇరవై వేలమంది పోయారన్న లెక్క ఈ ఉప్పెనకే చెబుతారు. తరవాత రాసినవాళ్లు 1787నూ 1789నీ కలిపేసి, ఒకదాని సంగతులు మరొకదానికి అంటగట్టారు.

మూడోది 1839 నవంబరు 25. దీని గురించి రాసినవాడు హెన్రీ పిడింగ్టన్. ఒకప్పుడు ఓడ కెప్టెన్, తరవాత కలకత్తాలో మ్యూజియం అధికారి. బంగాళాఖాతంలో వచ్చిన గాలివానల్లో చిక్కుకున్న ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించి, గంటగంటకూ గాలి ఎటు తిరిగిందో గుర్తిస్తూ, ఆ గాలులు ఒక కేంద్రం చుట్టూ సుళ్లు తిరుగుతాయని వరస వ్యాసాల్లో చూపించాడు. కోరంగి తుఫాను ఆయన తొలి అధ్యయనాల్లో ఒకటి. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో ఈ గాలివానలకు 'సైక్లోన్' అనే పేరు పెట్టింది ఆయనే. గాలి ఏ దిక్కున వీస్తోందో చూసి తుఫాను కేంద్రం ఎటుందో నావికుడు పోల్చుకునే పద్ధతికి కోరంగి దగ్గర చెదిరిపోయిన ఓడలూ ఆధారమయ్యాయి.

1839 తుఫానులో మూడు లక్షలమంది చనిపోయారనీ, ఇరవై వేల ఓడలు మునిగాయనీ, నలభై అడుగుల కెరటం వచ్చిందనీ నేటికీ పుస్తకాలు రాస్తూనే ఉన్నాయి. ఈ లెక్క నిలవదు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7.38 లక్షలు, 1831లో 6.95 లక్షలు, 1841లో 5.61 లక్షలు. 1831కీ 1841కీ మధ్య తగ్గింది సుమారు 1.34 లక్షలు. ఆ పదేళ్లలోనే 1833 కరువు వచ్చింది, వలసలు జరిగాయి, అంటురోగాలు సోకాయి, 1839 ఉప్పెన వచ్చింది. ఇవన్నీ కలిపినా మూడు లక్షలకు సగం కాదు. ఒక్క రోజులో, ఒక్క రేవులో జిల్లా జనంలో సగానికి దగ్గరగా చనిపోయి ఉంటే, ఆ తరవాతి దశాబ్దాల గోదావరి చరిత్రే వేరుగా ఉండేది. ఇరవై వేల ఓడలన్న మాట ఇంకా నమ్మశక్యం కానిది. చనిపోయినవాళ్లు వేలల్లో ఉండడమే చాలు, ఆ దుఃఖానికి పెద్ద అంకె అవసరం లేదు.

మళ్లీ రేవు దగ్గరికి వస్తే, 1839 తరవాత కూడా కోరంగిలో ఓడల పని ఆగలేదు. కానీ మొగ దగ్గర మేట పెరుగుతూ వచ్చింది. నిండు సరుకుతో ఉన్న ఓడ మొగ దాటాలంటే పెద్ద పోటు కోసం రోజుల తరబడి కాచుకోవాల్సి వచ్చేది. ఉత్తరాన కాకినాడ ఎదుగుతోంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. కాలువలు తవ్వారు. వాటి మీదుగా పడవలు నేరుగా కాకినాడకు సరుకు తెచ్చేవి. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండుకు పత్తి కరువైనప్పుడు గోదావరి పత్తి కాకినాడ మీదుగా పోయింది. లోతు ఎక్కువ కావలసిన ఆవిరి ఓడలు కాకినాడ ఎదుట సముద్రంలో లంగరు వేస్తే, సరుకును పడవలు మోసేవి. నదిలోకి వచ్చే తెరచాప ఓడల కాలం అయిపోయింది. 1901 జనాభా లెక్కల నాటికి కోరంగి నాలుగు వేల పైచిలుకు మనుషులున్న పల్లె.

అయితే అదే రోజుల్లో కోరంగి పేరు బంగాళాఖాతం అవతల మార్మోగుతోంది. 1852లో దిగువ బర్మా బ్రిటిషువాళ్ల చేతికి వచ్చాక ఇరావతి డెల్టాలో వరిసాగు విపరీతంగా పెరిగింది. రంగూన్ బియ్యం మిల్లులకు, రేవుకు కూలీలు కావలసి వచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మేస్త్రీలు జనాన్ని బయానా ఇచ్చి తీసుకుపోయేవాళ్లు. ఇక్కడి మాటలో అది రంగం వెళ్లడం. బర్మాలో కోతలు ముగిసే వేళకు వెళ్లి, మిల్లులు, రేవు పని చూసుకుని, వానలకు ముందు కొందరు తిరిగొచ్చేవాళ్లు. చాలామంది అక్కడే ఉండిపోయారు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, భీమిలి నుంచి వచ్చినా బర్మావాళ్లకు తెలుగు కూలీ అంటే 'కోరంగీ'యే. తొలి ఓడలు ఎక్కిన రేవు పేరు జనానికి అంటుకుంది. మారిషస్ చెరకు తోటలకు పోయిన తెలుగువాళ్లనూ ఇదే పేరుతో పిలిచారు.

ఆ పేరు మోసినవాళ్ల బతుకు కష్టమైనది. రంగూన్ రేవులో మూటలు దించింది, రిక్షాలు లాగింది, వీధులు ఊడ్చింది వాళ్లే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు బర్మా కూలీలను పనిలోకి దించి, సమ్మె తీరాక వాళ్లను పంపేయబోయాయి. మే 26న రేవులో రాజుకున్న ఘర్షణ నగరమంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఆ తరవాత 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడడంతో లక్షలాది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. ఓడ దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు అరకాన్, అస్సాం కొండల మీదుగా కాలినడకన వచ్చారు. దారిలో వేలమంది రాలిపోయారు. తీరాంధ్ర పట్టణాల్లో బర్మా కాందిశీకుల కాలనీలు ఆ ప్రయాణం చివర వెలిసినవే.

ఈనాటి కోరంగి చూడబోయేవాళ్లు మడ అడవి కోసం వస్తారు. రేవును పూడ్చిన ఒండ్రు మీదే ఈ అడవి పెరిగింది. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని కోరంగి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. చెక్కల వంతెన మీద నడిచిపోతే రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి తెల్లమడ, నల్లమడ చెట్లు వేళ్లను పైకి లేపి గాలి పీల్చుకుంటాయి. ఉప్పునీళ్లు తాగిన తెల్లమడ ఆ ఉప్పును ఆకుల మీదికి వదిలేస్తుంది. పొన్న విత్తనం చెట్టు మీదే మొలకెత్తి, పొడవాటి కాడగా వేలాడి, పడిన చోట నాటుకుంటుంది. పాటు వేళ పడితే బురదలో దిగబడుతుంది, పోటు వేళ పడితే తేలిపోయి ఇంకోచోట నిలబడుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని కట్టెలు కొట్టేవాళ్లకు భయం. ఈ వేళ్ల మధ్యే రొయ్యపిల్లలు, మండపీతలు పెరుగుతాయి. భైరవపాలెం, చొల్లంగిపేట మత్స్యకారుల వలల్లో పడేది ఈ అడవి సాకిన సంపదే.

అడవి పేరు దేశంలో వినిపించేలా చేసిన జంతువు బావురుపిల్లి. ఒళ్లంతా మచ్చలుండి, ఊరపిల్లికి రెండింతలుండే ఈ పిల్లి నీళ్లలో దిగి చేపలు పడుతుంది. రాత్రి తిరిగే జంతువు, మామూలుగా కంటపడదు. కాలువగట్ల మీద అమర్చిన కెమెరాల్లో పడ్డ బొమ్మలతోనే ఇక్కడ వీటి ఉనికి గట్టిగా రుజువైంది. నీటికుక్కలు, నక్కలు కూడా ఉన్నాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వలసపక్షులు అఖాతం బురదనేలల మీద వాలతాయి. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఈ అడవి అంతా తనంత తాను నిలిచింది కాదు. ఒకప్పుడు వంటచెరకు కోసం కూపులు వేసి నరికిన చోట్ల నేల పల్లంగా కుంగి, పోటు నీరు చేరి, బయటికి పోక, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంది. ఆ ఉప్పులో మడ కూడా మొలవదు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల ఊళ్ల జనం కలిసి అలాంటి చోట్ల కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కుని పోయింది. ఆ గట్ల వెంట తెల్లమడ నాటారు. మళ్లీ పచ్చబడింది. దేశంలో మడ అడవుల పునరుద్ధరణకు ఇదొక మంచి నమూనా. ఊళ్లవాళ్లను అడవికి శత్రువులుగా చూడకుండా, పనిలో భాగస్వాములను చేయడం వల్లే ఇది నిలబడింది.

అడవి విలువ ఎంతో 1996 నవంబరు 6 మరోసారి గుర్తు చేసింది. ఆ సాయంత్రం కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను, యానాం పరిసరాలను చావుదెబ్బ కొట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. గౌతమి మొగ దగ్గర భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులకు అది మరిచిపోలేని రాత్రి. వేటకు, రొయ్యపిల్లల సేకరణకు వెళ్లినవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. రొయ్యల చెరువుల కోసం తీరం పొడవునా నేల తవ్వేస్తున్న రోజులవి. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలో రొయ్యల చెరువులను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. తీర్పు ఉన్నా చెరువులు ఆగలేదన్నది కోరంగి రోడ్డు మీద వెళ్లే ఎవరికైనా కనిపించే నిజం. 2009లో కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ సముద్రంలోంచి గొట్టాల ద్వారా గాడిమొగకు చేరింది. ఓడలు వదిలేసిన తీరానికి ఇంకో కొత్త పరిశ్రమ.

ఇప్పుడు సమస్య తిరగబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకుల లెక్కల ప్రకారం 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తరవాత అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. పైన మహారాష్ట్ర నుంచి తెలంగాణ దాకా కట్టిన జలాశయాల అడుగున మిగతా ఒండ్రు నిలిచిపోతోంది. కొత్త ఒండ్రు రాకపోతే డెల్టా తన బరువుకు తనే కుంగుతుంది, సముద్రం అంచును కోస్తుంది. గౌతమి మొగకు దగ్గరగా, సముద్రం వైపున మడచెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోతున్నాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరం ఏటికేడూ తెగిపోతోంది. లోపల అఖాతం వైపున మాత్రం మెత్తటి బురద ఇంకా చేరుతూనే ఉంది, దాని మీద లేత మడచెట్లు లేస్తున్నాయి. కోరంగి పాయలో వేటపడవలు ఇప్పటికీ పోటు చూసుకునే బయల్దేరతాయి. తాళ్లరేవు గట్ల మీద కొయ్య పడవలు కట్టే వడ్రంగులు ఇంకా ఉన్నారు. వాళ్లు కట్టిన పడవలు కాకినాడ రేవు నుంచి వేటకు పోతాయి.